రెండు గ్రౌండ్లు, తొమ్మిది జట్లు: బుకింగ్ ఎలా ఇవ్వాలి, గడ్డి ఎలా నిలుపుకోవాలి?

#1 · స్లాట్‌పుస్తకం

అందరికీ నమస్కారం. పబ్లిక్ ఆటస్థలం బుకింగుల గురించి అడుగుతున్నాను. పక్కపక్కనే రెండు ఫుట్‌బాల్ గ్రౌండ్లు, రెండూ 105 × 68 మీటర్లే. బంకమట్టి పాలు ఎక్కువున్న నేల, దాని మీద గడ్డి. తొమ్మిది జట్లు సీజన్ మొత్తానికి బుక్ చేసుకున్నాయి, అందులో నాలుగు చిన్నపిల్లల జట్లు. ఒక్కో జట్టుకు వారానికి రెండు ప్రాక్టీసులు, గంటన్నర చొప్పున. శని, ఆదివారాలు కలిపి ఆరు మ్యాచ్‌లు, వార్మప్‌తో కలుపుకుని మ్యాచ్‌కు రెండు గంటలు. సీజన్ 30 వారాలు.

ఒకటో గ్రౌండ్‌లో గోల్ ముందు గడ్డి పూర్తిగా పోయి నేల తేలింది. మధ్య వృత్తం పలచబడింది. రెండోది మాత్రం పచ్చగానే ఉంది. నీళ్లు, ఎరువు రెండింటికీ సమానమే. బుకింగ్ పద్ధతిలో ఏం మార్చాలి? పోయిన గడ్డిని ఎలా రప్పించాలి? వాన పడ్డ రోజు ఆట ఆపాలా వద్దా అన్నది ఎవరు, ఎలా తేల్చాలి?

#2 · గరికపోచ

ఎరువు సంగతి తర్వాత చూద్దాం, ముందు రిజిస్టర్ తీయండి. ప్రాక్టీసులు 9 × 2 × 1.5 = 27 గంటలు. మ్యాచ్‌లు 6 × 2 = 12. వారానికి మొత్తం 39. రెండు గ్రౌండ్లకూ సమానంగా పంచితే ఒక్కోదానికి 19.5 గంటలు పడాలి. అలా పడటం లేదని మీ గడ్డే చెబుతోంది. లైట్లు ఒకటో గ్రౌండ్‌కే ఉన్నాయా?

#3 · స్లాట్‌పుస్తకం

అవునండి, ఒకటోదానికే. ఇప్పుడే కూడి చూశాను. ఒకటో గ్రౌండ్ మీద వారానికి 28 గంటలు, రెండోదాని మీద 11.

#4 · గరికపోచ

30 వారాలకు ఒకటోది 840 గంటలు, రెండోది 330. మట్టి నేల మీది సహజ గడ్డికి నిర్వాహకులు వాడే మోటు లెక్క ఒకటుంది. 200 గంటల లోపైతే పెద్దగా తేడా కనిపించదు. 400, 500 దగ్గర గోల్ ముందు పలచబడుతుంది. 600 దాటితే గ్రౌండ్ నడుమంతా అరుగు తెలుస్తుంది. 800 దాటాక ఎంత ఎరువు వేసినా గడ్డి కోలుకునే వేగం కంటే తొక్కుడు వేగమే ఎక్కువ. నేలను బట్టి, గడ్డి రకాన్ని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి గానీ మీ రెండు గ్రౌండ్ల తేడాకు కారణం మాత్రం ఇదే.

ఇంకో మాట. సమానంగా పంచినా 19.5 × 30 = 585. అంటే అంచు మీదే ఉన్నారు. పంచడం ఒక్కటే చాలదు, వాడే గంటల్లో కొంత కోత కూడా పెట్టాలి.

#5 · విజిల్

రెండేసి జట్లకు ఒకే స్లాట్ ఇచ్చి చెరో సగం వాడుకోమంటే సరిపోదా? 27 గంటల ప్రాక్టీసు 13.5కి దిగుతుంది.

#6 · నేలపదును

విజిల్ గారూ, అలా చేస్తే కాగితం మీద గంటలు సగమవుతాయి, గడ్డి మీద కావు. గడ్డికి కావలసిన లెక్క ఎన్ని కాళ్లు ఎంతసేపు తిరిగాయన్నది. 22 మంది గంటన్నర ఆడితే 33 ఆటగాడి-గంటలు. పదహారేసి మంది చొప్పున రెండు జట్లు అదే గంటన్నరలో ప్రాక్టీస్ చేస్తే 48. ఒక స్లాటే కదా అనుకుంటే పొరపాటు.

అందుకే బుకింగ్ ఫారంలో జట్టు పేరు ఒక్కటే కాదు, ఎంతమంది వస్తారు, ఏ వయసు, మ్యాచా ప్రాక్టీసా, గోల్స్ కావాలా అన్న నాలుగు గడులు తప్పనిసరిగా పెట్టండి. పక్కన మీరు వాడకం పాయింటు రాసుకోండి. పెద్దల ఆట గంటకు 1, పన్నెండేళ్ల లోపు పిల్లలకు సగం, నేల తడిగా ఉన్నప్పుడు రెట్టింపు. ఇవి నేను వాడే తూకాలు, మీ నేలను బట్టి సర్దుకోండి. సీజన్ సగానికి వచ్చేసరికి ఏ గ్రౌండ్ ఎంత అలిసిందో పుస్తకమే చెబుతుంది.

పిల్లల జట్లకు గంటన్నర అవసరం లేదు, గంట చాలు. మీకున్న నాలుగు జట్లకే వారానికి నాలుగు గంటలు మిగులుతాయి. పైగా వాళ్లు చీకటి పడకముందే ముగిస్తారు కాబట్టి లైట్లు లేని రెండో గ్రౌండ్‌కు మళ్లించవచ్చు.

#7 · తెల్లగీత

బుకింగ్ నియమాలు ఫారం కిందే రాసి సంతకం తీసుకోండి. నా దృష్టిలో తప్పనిసరివి ఇవి:

సీజన్ బుకింగులు ముందు, విడి స్లాట్లు తర్వాత. రెండూ ఒకేసారి తెరిస్తే గొడవ.

ప్రతి రెండు స్లాట్ల మధ్య 15 నిమిషాలు ఖాళీ. అది లేకపోతే తర్వాతి జట్టు వార్మప్‌ను గోల్ వెనకో గీత పక్కనో చేస్తుంది, అక్కడా గడ్డి పోతుంది.

తాత్కాలికంగా పట్టి ఉంచిన స్లాటు 72 గంటల్లో ఖాయం చేసుకోకపోతే దానంతటదే విడుదలైపోవాలి.

రద్దు చేయాలంటే 48 గంటల ముందు చెప్పాలి. చెప్పకుండా రాకపోతే మొదటిసారి హెచ్చరిక, రెండోసారి ఆ వారం స్లాట్ పోతుంది.

తన స్లాటును ఇంకో జట్టుకు ఇచ్చుకోవడం కుదరదు. ఇచ్చుకుంటే మీ పాయింట్ల లెక్క మొత్తం తప్పుతుంది, ఏదైనా పాడైతే బాధ్యత ఎవరిదో కూడా తెలియదు.

ఇక డబుల్ బుకింగ్ ఎక్కువగా ఎందుకు జరుగుతుందంటే పుస్తకాలు రెండు ఉండటం వల్ల. ఫోన్‌లో చెప్పినవి ఒకచోట, ఆన్‌లైన్‌లో వచ్చినవి ఇంకోచోట. ఫోన్ చేసినవాళ్లు లైన్‌లో ఉండగానే అదే క్యాలెండర్‌లో ఎక్కించాలి. ‘తర్వాత రాద్దాం’ అన్న స్లాటే రెండుసార్లు అమ్ముడుపోతుంది.

#8 · గరికపోచ

తెల్లగీత గారి జాబితాకు పైన ఒకటి పెట్టండి. క్యాలెండర్ తెరవగానే ఎవరికీ ఇవ్వకముందే గడ్డి పేరు మీద బుకింగ్ చేయాలి. విశ్రాంతి రోజులు, గుల్ల చేసే రోజు, విత్తే వారాలు, అన్నీ జట్ల బుకింగుల్లాగే పేరు, తేదీ, సమయంతో ఎక్కాలి. మిగిలితే విశ్రాంతి ఇద్దాం అనుకుంటే ఎప్పటికీ మిగలదు. ఖాళీగా కనబడ్డ గడి కోసం ఎవరో ఒకరు అడుగుతారు, కాదనడానికి మీ దగ్గర కారణం ఉండదు. అక్కడ ‘మరమ్మతు’ అని రాసి ఉంటే అడగరు.

ఆ విశ్రాంతి ఎప్పుడన్నది ఇంకా ముఖ్యం. చాలాచోట్ల ఆటలు లేని నెలల్లో గ్రౌండ్ మూసి, విశ్రాంతి ఇచ్చాం అనుకుంటారు. అవి గడ్డి పెరగని నెలలైతే మూసి ఏం లాభం? నిద్రపోయే గడ్డి పుండు మాన్చుకోదు. గరిక జాతి వేడిలో పెరుగుతుంది. పగలు 27 నుంచి 35 డిగ్రీల మధ్య జోరుగా పాకుతుంది, చలికి గోధుమరంగుకు తిరిగి ఆగిపోతుంది. రై గడ్డి, బ్లూగ్రాస్, ఫెస్క్యూ లాంటి చలి జాతులు 15 నుంచి 24 డిగ్రీల మధ్య పెరుగుతాయి, మండుటెండలో డీలా పడతాయి. మీ గడ్డి పెరిగే కాలంలోనే ఒక్కో గ్రౌండ్‌కు వరుసగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇవ్వండి. ఇంకో కాలంలో ఇచ్చిన మూడు నెలలకన్నా అది మేలు.

మీ గడ్డి ఏ జాతిదో చెప్పలేదు.

#9 · స్లాట్‌పుస్తకం

రెండు గ్రౌండ్లలోనూ గరికేనండి, నేల మీద పాకుతూ కణుపు కణుపుకూ వేళ్లు దించుతోంది. ఒకటోదాంట్లో గోల్ వైపు అదీ లేదు. అక్కడ స్క్రూడ్రైవర్ గుచ్చితే రెండు అంగుళాల్లో ఆగిపోయింది.

#10 · నేలపదును

స్క్రూడ్రైవర్ ఆగడమే అసలు జబ్బు. గడ్డి పోవడం దాని పైలక్షణం. అక్కడ పారతో జానెడు లోతు మట్టిపెళ్ల నిలువుగా కోసి పైకి తీయండి. చాకుతో పక్కభాగం గీకి వెలుతురులో చూడండి. తొక్కుడు తగలని చోట మట్టి కుంకుడుకాయ సైజు గుళికలుగా విడిపోతుంది, తెల్లటి వేళ్లు నిటారుగా దిగుతాయి. గోల్ ముందు తీసిన పెళ్లలో పై ఐదారు సెంటీమీటర్లు పలకలు పలకలుగా అణిగి ఉంటాయి. వేళ్లు ఆ పలక దాకా వచ్చి వంగిన మేకులాగా పక్కకు తిరిగి దాని మీదే పాకుతాయి. కొన్నిచోట్ల పలక కింద మట్టి బూడిదరంగులో ఉండి మురుగు వాసన వేస్తుంది. అంటే గాలి అందడం లేదు.

ఇలా అణగడానికి కాళ్ల బరువు ఒక్కటే కారణం కాదు. మట్టి ఎంత తడిగా ఉన్నప్పుడు తొక్కామన్నదే అసలు కారణం. ఎండిన బంకమట్టి బరువు ఆపుకుంటుంది. పదును (తగుమాత్రం చెమ్మ) దాటి తడిసిన మట్టిలో రేణువులు ఒకదాని మీద ఒకటి జారి, మధ్యనున్న గాలి ఖాళీలు మూసుకుపోతాయి. ఎండాక అది ఇటుకే. వానలో ఆడిన ఒక్క మ్యాచ్ పొడినేల మీద ఆడిన చాలా మ్యాచ్‌లంత చెరుపు చేస్తుంది. అందుకే తడిలో పాయింటు రెట్టింపు అన్నాను. నిజానికి అదీ తక్కువే.

#11 · విజిల్

అయితే వాన రోజు ఎలా తేల్చాలి? రిఫరీకి వదిలేస్తే ఆట జరగాలనే చూస్తారు. కోచ్‌లకు వదిలేస్తే చెప్పనక్కర్లేదు.

#12 · నేలపదును

ఆడే రెండు పక్షాలకూ వదలకూడదు. గ్రౌండ్ చూసుకునే మనిషి ఒకరే తేల్చాలి. సాయంత్రం స్లాట్లకు మధ్యాహ్నం 3 గంటలకు, ఉదయం మ్యాచ్‌లకు 6 గంటలకు అని వేళ ముందే ప్రకటించండి. తేల్చాక మార్చకూడదు.

మూడు చోట్ల చూడాలి: గోల్ ముందు, మధ్య వృత్తం, గ్రౌండ్‌లో అన్నిటికన్నా పల్లంగా ఉన్న మూల. ఒక్కోచోట ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి గట్టిగా పిసకండి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు వచ్చినా, అరచేయి మెరిసేలా తడి అంటినా ఆ రోజు మూత. ముద్దగా నిలిచి, బొటనవేలితో నొక్కితే పగలకుండా సాగితే పెద్దల ఆట వద్దు. ముద్ద కట్టి, నొక్కగానే పొడిపొడిగా విడిపోతే అదే పదును, ఆడనివ్వండి. మట్టి తీసేముందు మడమ ఆనించి నిలబడండి. బూటు చుట్టూ నీటి చెమ్మ మెరిసిందంటే పరీక్ష కూడా అక్కర్లేదు.

మూడింట్లో ఒక్కచోట తప్పినా గ్రౌండ్ మొత్తం మూసినట్టే. గోల్ ముందు వదిలేసి ఆడండి అంటే ఎవరూ ఆడలేరు.

#13 · మంచుబిందువు

చలిదేశాల్లో ఉండి చదివేవాళ్ల కోసం ఒక మాట. గడ్డి మీద మంచు గడ్డకట్టి తెల్లగా ఉన్న పొద్దున ఎవరినీ అడుగుపెట్టనివ్వకండి. ఆకు లోపలి నీరు గడ్డకట్టి ఉంటుంది, అడుగు పడగానే కణాలు పగులుతాయి, కరిగాక పాదముద్రలన్నీ నల్లగా తేలతాయి. దానికంటే ప్రమాదం, పైన రెండు సెంటీమీటర్లు కరిగి కింద ఇంకా గడ్డకట్టి ఉన్న వేళ. పై మట్టి కింది మంచు మీద జారి వేళ్లను కోసేస్తుంది. పైకి చూస్తే ఆడుకోవచ్చనే అనిపిస్తుంది, స్క్రూడ్రైవర్ గుచ్చితేనే తెలుస్తుంది.

#14 · తెల్లగీత

మూసేయమని చెప్పడం తేలికే, మరి ఆ మ్యాచ్ ఎప్పుడు ఆడాలి? క్యాలెండర్ నిండుగా ఉంటే జట్లు తడిలో ఆడటానికే పట్టుబడతాయి. ఇందులో వాళ్ల తప్పు లేదు, వేరే తేదీ లేదు కదా. అందుకే వారానికి ఒక స్లాట్ వాన బదులుకని పక్కన పెట్టండి. ఆ వారం వాన పడకపోతే అది ఖాళీగానే పోవాలి, చివరి నిమిషంలో ఇంకెవరికీ ఇవ్వకూడదు. అది ఉందని తెలిస్తే ‘ఈ రోజు మూత’ అన్న మాటకు ఎదురు చెప్పేవాళ్లు బాగా తగ్గుతారు.

నోటీసు బోర్డు మీదా ఫోన్ గ్రూపులోనూ ఒకే మాట రావాలి: ‘తెరిచి ఉంది’ లేదా ‘మూత’. ‘చూద్దాం’ అని రాస్తే పదిమంది వచ్చి నిలబడతారు.

#15 · స్టాండ్స్‌లోంచి

మ్యాచ్‌కు గంట ముందు జల్లు పడి నాలుగైదు చోట్ల నీళ్లు నిలిచాయనుకోండి. అడుగు మట్టి బాగానే ఉంది. ఇసుక చల్లితే?

#16 · గరికపోచ

దయచేసి ఇసుక వద్దు. ఆ పూటకు పీల్చినట్టు కనిపిస్తుంది. తర్వాత ఆ గుంటలో ఇసుక పొర ఒకటి ఉండిపోతుంది. దాని కింద బంకమట్టి ఉంది కాబట్టి దిగిన నీరు అక్కడే నిలుస్తుంది, పై గడ్డి వేళ్లు పొర దాటవు. వచ్చే వానకు అదే చోట మళ్లీ నీళ్లు. బంకమట్టిలో కాస్త ఇసుక కలిపితే గుల్లబారుతుందన్నది కూడా తప్పు. ఆ పాళ్లలో ఇంకా గట్టిపడుతుంది.

చీపురుతోనో రబ్బరు పలకతోనో నీటిని పక్కకు నెట్టడమూ వద్దు. నీటితోపాటు సన్నటి ఒండ్రు కొట్టుకుపోయి గుంట ఇంకా లోతవుతుంది.

చేయవలసింది ఇది. చేతిపంపుతోనో మగ్గుతోనో నీళ్లు తోడి బకెట్లలో పోసి గ్రౌండ్ బయట పారబోయండి. మిగిలినదాన్ని పెద్ద స్పాంజితో నెమ్మదిగా అద్దండి, రుద్దకండి. తర్వాత పళ్ల పార (గార్డెన్ ఫోర్క్) పళ్లతో పది పదిహేను సెంటీమీటర్ల లోతు గుచ్చి, తిప్పకుండా నిటారుగా పైకి లాగండి. గడ్డి లేని చోటైతే కాల్చిన బంకమట్టి గుళికలు పలచగా చల్లి కలపవచ్చు, అవి తేమ పీల్చుకుని కూడా గుళికలుగానే నిలుస్తాయి. ఆ చోటును పుస్తకంలో గుర్తు పెట్టుకోండి, సీజన్ అయ్యాక మట్టితో ఎత్తు చేయాలి. నీరు నిలవడం అంటే వాలు చెడిందనే. మట్టి గ్రౌండ్‌కు మధ్య నుంచి పక్కగీతల వైపు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం వాలు ఉండాలి. మీ 68 మీటర్ల వెడల్పుకు గ్రౌండ్ నడిమి భాగం పక్కగీత కన్నా 34 నుంచి 51 సెంటీమీటర్లు ఎత్తుండాలన్నమాట.

#17 · స్లాట్‌పుస్తకం

చాలా ఉపయోగపడుతోంది. ఇప్పుడు గుల్ల చేయడం గురించి చెప్పండి. యంత్రం అద్దెకు తెస్తే ఒక్కరోజే వస్తుంది, ఆ రోజు వృథా కాకూడదు.

#18 · నేలపదును

బోలు టైన్లు (నేలలో దిగే గొట్టంలాంటి పళ్లు) ఉన్న యంత్రమే తీసుకోండి. కొనదేరిన మేకులు గుచ్చేది రంధ్రం చేస్తుంది గానీ మట్టిని చుట్టుపక్కలకు నొక్కుతుంది. బోలువి మట్టిని గొట్టంలా పైకి తీసుకొస్తాయి, అందుకే నిజంగా ఖాళీ ఏర్పడుతుంది.

టైను వ్యాసం 16 మిల్లీమీటర్లు, రంధ్రానికి రంధ్రానికి 5 సెంటీమీటర్లు, లోతు 75 మిల్లీమీటర్లు అనుకోండి. చదరపు మీటరుకు 400 రంధ్రాలు. ఒక్కో రంధ్రం 2 చదరపు సెంటీమీటర్లు కాబట్టి పైతలంలో దాదాపు 8 శాతం తెరుచుకుంటుంది, చదరపు మీటరుకు 6 లీటర్ల మట్టి పైకి వస్తుంది. చాలా యంత్రాలు ఒక్క చాలులో ఇంత దగ్గరగా గుచ్చవు, అందుకే గోల్ ముందు, మధ్యలో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి నడపాలి. దూరం దూరంగా గుచ్చి అయిపోయిందనుకోవడమే ఎక్కువగా జరిగే తప్పు.

నేల పదునులో ఉండాలి. ఎండి ఉంటే టైన్లు దిగవు, యంత్రం ఎగిరెగిరి పడుతుంది. తడిగా ఉంటే రంధ్రం గోడలు మెత్తినట్టు నున్నగా అయి గాలి, నీరు పక్కకు ఇంకవు. యంత్రం వచ్చే రోజుకు రెండు రోజుల ముందు బాగా తడిపి వదిలేయండి. స్ప్రింక్లర్ తలలన్నిటి దగ్గరా చిన్న జెండాలు గుచ్చండి. ఇది మరిచిపోతే ఆ రోజు సగం పైపుల మరమ్మతుకే పోతుంది.

పైకి వచ్చిన మట్టి గొట్టాలు సగం ఆరాక బరువైన చాపలాంటి ఇనుప వల ఈడిస్తే పొడై రంధ్రాల్లోకి చేరతాయి. తీసుకెళ్లి పారేయకండి, అది మీ నేలే. గడ్డి చురుగ్గా పెరిగే కాలంలో మొత్తం గ్రౌండ్‌కు రెండుసార్లు, గోల్ ముందు మూడు నాలుగుసార్లు చేయండి.

#19 · విజిల్

పైన ఇసుక పొర వేయడం మంచిదని విన్నాను. గరికపోచ గారు వద్దంటున్నారు.

#20 · గరికపోచ

గుంటలో గుప్పెడు పోయడం వేరు, ఏళ్ల తరబడి గ్రౌండ్ మొత్తానికి పలచగా వేస్తూ పోవడం వేరు. రెండోది మంచి పనే, కానీ మొదలుపెడితే ఆపకూడదు, ప్రతిసారీ ఒకే రకం ఇసుక దొరకాలి. 105 × 68 అంటే 7,140 చదరపు మీటర్లు. 3 మిల్లీమీటర్ల మందం వేయాలంటే ఒక్కసారికి 21 ఘనపు మీటర్ల పైమాట. ఒక ఏడు వేసి మానేస్తే మధ్యలో పొర మిగులుతుంది, అంతే. ఆ స్తోమత లేకపోతే మీ నేల మట్టినే జల్లించి వాడండి.

#21 · నీటిచుక్క

నీళ్ల లెక్క నేను చెబుతాను. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు అంటే 1 లీటరు. 5 మిల్లీమీటర్లు తడపాలంటే గ్రౌండ్‌కు 35,700 లీటర్లు. వారానికి 25 మిల్లీమీటర్లు అవసరమైతే 1,78,500. ఇంత నీరు రోజూ కొంచెం కొంచెం పోస్తే వేళ్లు పైపైనే ఉండిపోతాయి. వారానికి రెండుసార్లు పోయండి. బంకమట్టి ఒక్కసారిగా తాగలేదు, పారడం మొదలవగానే ఆపి, గంట ఆగి మళ్లీ పోయాలి.

ఒకే సైజు ప్లాస్టిక్ గ్లాసులు 20 తీసుకుని గ్రౌండ్ నిండా సమదూరంలో పెట్టి స్ప్రింక్లర్లు 15 నిమిషాలు నడపండి. స్కేలుతో ఒక్కో గ్లాసులో నీరు కొలవండి. ఒకదాంట్లో 3 మిల్లీమీటర్లు, ఇంకోదాంట్లో 9 ఉంటే మీ సమస్య నీటి కొరత కాదు, చిమ్మే తీరు. ముక్కు మూసుకుపోవడమో, తల వంగడమో, తల చుట్టూ గడ్డి ఎత్తు పెరగడమో అయి ఉంటుంది. తలలు నేల మట్టానికి పైకి లేచి ఉంటే ఆటగాళ్ల చీలమండలకు ప్రమాదం కూడా. ఇది ముందు సరిచేయండి.

మ్యాచ్‌కు ముందు 24 గంటలు నీళ్లు బంద్. బంకమట్టి అయితే 36 ఇంకా మేలు.

#22 · తెల్లగీత

గీతల గురించి రెండు మాటలు. పొడి సున్నం వాడొద్దు. తడి తగిలితే ఘాటైన క్షారమై చర్మాన్నీ కళ్లనూ కాలుస్తుంది, జారిపడ్డ పిల్లల మోకాళ్లకు అంటుతుంది. నీళ్లలో కలిపే గ్రౌండ్ పెయింటు గానీ సుద్దపొడి గానీ వాడండి. కలుపుమందుతో గడ్డి మాడ్చి గీత వేయడం అసలు వద్దు. చచ్చిన గీత వెంట మట్టి కొట్టుకుపోయి కాలువ తయారవుతుంది.

స్థలం ఉంటే ప్రతి సీజన్‌కు గ్రౌండ్ గీతలనే నాలుగైదు మీటర్లు పక్కకు జరపండి. గోల్ ముందు పుండు కొత్తచోటుకు వెళ్లి, పాతది మానుతుంది. ప్రాక్టీస్‌కు మాత్రం అసలు గోల్స్ ఇవ్వకండి, వల కట్టి తాళం వేయండి. కదిలే గోల్స్ పక్కగీతల మీద పెట్టి అడ్డంగా ఆడించండి, వారం వారం చోటు మార్చండి. అయితే కదిలే గోల్‌ను వెనక కడ్డీ మీద బరువులతోనో నేలలో లంగరుతోనో బిగించకుండా ఒక్క నిమిషం కూడా వదలకూడదు. బిగించని గోల్ ముందుకు పడి పిల్లలు చనిపోయిన ఘటనలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. ఆట అయ్యాక రెండు గోల్స్‌ను ముఖాముఖి ఆనించి గొలుసు వేయండి.

#23 · స్లాట్‌పుస్తకం

గోల్ ముందు ఇప్పుడు బొత్తిగా మట్టే. ఎలా రప్పించాలో క్రమంగా చెబుతారా?

#24 · గరికపోచ

గోల్ ఏరియా 18.32 × 5.5 మీటర్లు, అంటే ఒక్కోవైపు సుమారు 100 చదరపు మీటర్లు. రెండువైపులా 200. చిన్న పనే, తేదీలు దొరకడమే కష్టం.

వేడికాలం మొదట్లో ఆరు నుంచి ఎనిమిది వారాలు మూయండి. పలుగుతో 10 సెంటీమీటర్ల లోతు గుల్ల చేసి, పలకలన్నీ పగలగొట్టండి. చదును చేసేటప్పుడు చుట్టుపక్కల కన్నా ఒక సెంటీమీటరు ఎత్తుగా వదలండి, నీళ్లకు దిగుతుంది. రెండో గ్రౌండ్ అంచుల్లో పాకిన గరిక తీగలే విత్తనం మీకు. రెండు మూడు కణుపులున్న ముక్కలుగా తుంచి, 15 సెంటీమీటర్లకో చాలు తీసి, సగం మట్టిలో సగం పైన ఉండేలా నాటి కాలితో నొక్కండి. తీసిన తీగలు గంటలో ఎండిపోతాయి, తడి గోనెలో చుట్టి ఉంచండి. మొదటి రెండు వారాలు రోజుకు రెండు మూడుసార్లు పైపైన తడి, వేళ్లు పట్టాక లోతుగా, అరుదుగా.

పాకడం మొదలయ్యాక నత్రజని. చదరపు మీటరుకు 2.5 గ్రాములు చాలు. యూరియాలో 46 శాతం నత్రజని కాబట్టి 5.4 గ్రాములు, ఒక్కో గోల్ ముందు 540 గ్రాములన్నమాట. చల్లిన వెంటనే నీళ్లు పెట్టాలి, లేకపోతే ఆకులు మాడతాయి, కొంత నత్రజని గాలిలో కలిసిపోతుంది. మూడు నాలుగు వారాలకు ఇంకోసారి. కోసేటప్పుడు ఎప్పుడూ ఎత్తులో మూడోవంతుకు మించి కోయకండి.

అంత వ్యవధి లేకపోతే పెరిగిన పచ్చిక పలకలు తెచ్చి పరచవచ్చు. పలచటి పలకలు వేరు పట్టడానికి మూడు నాలుగు వారాలు కావాలి. నాలుగు సెంటీమీటర్ల మందం పలకలైతే బరువుకే కదలకుండా ఉంటాయి, త్వరగా ఆడనివ్వవచ్చు. పలకతో వచ్చే మట్టి మీ మట్టి లాంటిదేనా అని ముందు చూసుకోండి, లేకపోతే మళ్లీ ఆ పొర సమస్యే. మూల పట్టుకుని పైకి లాగండి. లేస్తే ఇంకా వేరు పట్టలేదు.

#25 · స్టాండ్స్‌లోంచి

సభలకు, స్టేజీ కార్యక్రమాలకు గ్రౌండ్ అడిగితే?

#26 · తెల్లగీత

వాహనాలు లోపలికి రావని రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే. బరువులు వెళ్లే దారిలో మందపాటి ప్లైవుడ్ పరచాలి, గడ్డి ఏదైనా కప్పు కింద 24 గంటలు దాటకూడదు, ఎండాకాలంలో ఇంకా తక్కువ. పారదర్శకమైన ప్లాస్టిక్ అసలు వద్దు, ఎండకు కింద ఉడికిపోతుంది. నేల తడిస్తే కార్యక్రమం రద్దు అన్న షరతు మ్యాచ్‌లకున్నట్టే వీళ్లకూ ఉండాలి. డిపాజిట్ తీసుకుని, ముందూ తర్వాతా ఒకే చోట నిలబడి ఫోటోలు తీయండి.

#27 · స్లాట్‌పుస్తకం

అందరి మాటలూ కలిపి వారం క్యాలెండర్ వేశాను, చూడండి.

ఒకటో గ్రౌండ్: సోమ నుంచి శుక్ర వరకు పెద్దల ఐదు జట్లు, రోజుకు రెండు స్లాట్లు, 6:00–7:30, 7:45–9:15. 15 గంటలు. శనివారం రెండు మ్యాచ్‌లు, 4 గంటలు. మొత్తం 19. ఆదివారం మూత.

రెండో గ్రౌండ్: మంగళ నుంచి శుక్ర వరకు పిల్లల జట్లు, 4:00–5:00, 5:15–6:15. 8 గంటలు. శనివారం ఉదయం రెండు మ్యాచ్‌లు, ఆదివారం రెండు, 8 గంటలు. మొత్తం 16. సోమవారం వాన బదులు స్లాట్. నీళ్లు రెండింటికీ శుక్రవారం రాత్రి.

#28 · గరికపోచ

28, 11 ఉన్నది 19, 16 అయింది. 30 వారాలకు 570, 480. ఎనిమిది వారాల మూత తీసేస్తే ఒకటోది ఇంకా తగ్గుతుంది. బాగుంది. అయితే సోమవారం తీసేయండి. రెండు రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు మోసిన గ్రౌండ్‌కు వారంలో ఉన్న ఒక్క విశ్రాంతి రోజు అదే. వాన బదులును రెండో గ్రౌండ్‌లోనే శనివారం సాయంత్రం 4 గంటలకు పెట్టండి. శనివారం కూడా తడిస్తే ఆ వారానికి ఆట లేదు, వచ్చే శనివారమే.

#29 · నీటిచుక్క

శుక్రవారం రాత్రి నీళ్లు పెడితే శనివారం మ్యాచ్‌లు పచ్చి నేల మీద పడతాయి. ఒకటోదానికి ఆదివారం తెల్లవారుజామున, బుధవారం రాత్రి 9:15 తర్వాత. రెండోదానికి సోమవారం తెల్లవారుజామున, బుధవారం రాత్రి. ఆదివారం నీళ్లు బాగా పట్టాయి అనిపిస్తే సోమవారం మధ్యాహ్నం గుప్పెడు మట్టి పిసికి చూశాకే ప్రాక్టీసు తెరవండి.

#30 · స్లాట్‌పుస్తకం

రెండూ మార్చాను. వేడికాలం మొదట్లో ఒకటో గ్రౌండ్‌కు ఎనిమిది వారాల మూత ఇప్పుడే క్యాలెండర్‌లో ఎక్కించాను, పేరు దగ్గర ‘గడ్డి’ అనే రాశాను. ఆ వారాల్లో పెద్దల జట్లకు వారానికి ఒక్క ప్రాక్టీసే, అదీ రెండో గ్రౌండ్‌లో, వెలుతురు ఉండగానే.

#31 · నేలపదును

ఆ ఎనిమిది వారాలూ రెండో గ్రౌండ్ పాయింట్లు వారం వారం కూడండి. ఆరు మ్యాచ్‌లూ అక్కడే పడతాయి కాబట్టి గంటలు 27 దాటుతాయి. కొన్ని మ్యాచ్‌లను ఎదుటి జట్ల గ్రౌండ్లకు మార్చుకోమని ఇప్పుడే ఉత్తరం రాయండి, అవతలివాళ్ల క్యాలెండర్ కూడా ఈ రోజుల్లోనే నిండుతుంది.